పొద్దున్నే బర్నర్ లాకౌట్, నాలుగైదు రీసెట్లు కొడితే గానీ అంటుకోదు. కారణం ఏమై ఉంటుంది?

మదనపల్లె ఫిట్టర్:

అందరికీ నమస్కారం. బెంగళూరు పీణ్య సెకండ్ స్టేజ్‌లో ఒక చిన్న హీట్ ట్రీట్‌మెంట్ షాపులో మెయింటెనెన్స్ చూస్తున్నాను. మాది బాక్స్ ఫర్నేస్. లోపల రెండు మీటర్ల పొడుగు, మీటరున్నర వెడల్పు, మీటరు ఎత్తు. బర్నర్ ఒకటే, 300 కిలోవాట్లది. మొన్నమొన్నటి దాకా డీజిల్ మీద నడిచేది, పైపులైను గ్యాస్ మా వీధికి వచ్చాక పీఎన్‌జీకి మార్చారు. పని ఎక్కువగా నార్మలైజింగే (ఉక్కును వేడి చేసి గాలిలో చల్లార్చడం), 880 నుంచి 900 డిగ్రీల దగ్గర.

రాత్రి ఆపేసిన ఫర్నేస్‌ను పొద్దున ఆరింటికి స్టార్ట్ చేస్తే బ్లోయర్ తిరుగుతుంది, స్పార్క్ పడుతుంది, పైలట్ (ముందు వెలిగే చిన్న మంట) అంటుకుంటుంది. మెయిన్ వాల్వ్ తెరుచుకోగానే భుస్సుమని శబ్దం వచ్చి, రెండు సెకన్లలో మంట ఆరిపోయి లాకౌట్, అంటే ప్యానెల్ గ్యాస్ మూసేసి బర్నర్‌ను ఆపేస్తుంది. రీసెట్ కొడితే మళ్లీ అదే. నాలుగోసారో ఐదోసారో పట్టుకుంటుంది. ఒకసారి వేడెక్కాక మాత్రం సాయంత్రం దాకా ఏ గొడవా లేదు. భోజనాల టైములో ఆపి మళ్లీ వేసినా ఠక్కున అంటుకుంటుంది.

మా ఓనరుగారికి తెలిసిన ప్యానెల్ ఎలక్ట్రీషియన్ వచ్చి, ఫ్లేమ్ సెన్సర్ పోయింది, కొత్తది వచ్చేదాకా, మంట ఉందని ప్యానెల్‌కు చెప్పే ఫ్లేమ్ రిలేకి వైరు ముక్క పెట్టి జంపర్ చేసేద్దాం అన్నాడు. అది చాలదన్నట్టు, రెండు నిమిషాలుండాల్సిన పర్జ్ (వెలిగించే ముందు బ్లోయర్ గాలితో లోపలి గ్యాస్‌ను తోసేయడం) టైమర్‌ను నేను చేరకముందే ఎవరో 20 సెకన్లకు తగ్గించి పెట్టారు, పొద్దున్నే టైము దండగని. నాకు టెన్షన్‌గా ఉంది. మా ఓనరు లెక్క చూపిస్తే వింటాడు, భయం చెబితే వినడు. ఎవరైనా ఆ లెక్క చెప్పగలరా? అసలు జబ్బేమిటో కూడా.

హిందూపురం బర్నర్:

తమ్ముడూ, జంపర్ సంగతి ముందు తేల్చేద్దాం. జబ్బు సంగతి తర్వాత. నేను బర్నర్ సర్వీసు పనిలోనే ఉన్నాను, ఉండేది జాలహళ్లి క్రాస్ దగ్గర, కాబట్టి మీ ఏరియా షాపులు నాకు కొత్త కాదు.

మీ ఓనరుగారికి కాగితం మీద వేసి చూపించు. 300 కిలోవాట్ల బర్నర్ ఫుల్ ఫైర్‌లో గంటకు సుమారు 30 ఘనపు మీటర్ల గ్యాస్ తాగుతుంది. అంటే సెకనుకు ఎనిమిది లీటర్లు. మీ ఛాంబర్ 3 ఘనపు మీటర్లు, 3000 లీటర్లు. పీఎన్‌జీ అంటే ప్రధానంగా మీథేన్. అది గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. జంపర్ వేశారనుకో, మంట ఆరిపోయినా ప్యానెల్‌కు మంట ఉన్నట్టే కనిపిస్తుంది, వాల్వ్ మూయదు. బ్లోయర్ గాలితో కలిసి లోపలికి వచ్చేది ఒక వంతు గ్యాస్‌కు సుమారు పది వంతుల గాలి, అంటే వచ్చేదే పేలే మిశ్రమం. అర నిమిషం గడిచేసరికి ఛాంబర్ మొత్తం సగటున 5 శాతం దాటేస్తుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు స్పార్క్ బటన్ నొక్కితే చాలు, డోరు ఎటు పోతుందో, రూఫ్ ఇటుకలు ఎటు పోతాయో చెప్పలేం. డోరు ముందు నిలబడే మనిషి ఎవరో ఆలోచించుకోమను.

పర్జ్ రెండు నిమిషాలు కూడా ఎవరో ఊరికే పెట్టింది కాదు. ఎన్‌ఎఫ్‌పీఏ 86 (ఫర్నేస్‌ల భద్రతకు అమెరికా ప్రమాణం) ప్రకారం ఛాంబర్ ఘనపరిమాణానికి కనీసం నాలుగు రెట్ల తాజా గాలి పోవాలి. మీకు అది 12 ఘనపు మీటర్లు. ఈ సైజు బర్నర్‌కు బ్లోయర్ గంటకు 350 నుంచి 360 ఘనపు మీటర్లు ఇస్తుంది, నిమిషానికి సుమారు ఆరు. రెండు నిమిషాలకు సరిగ్గా సరిపోతుంది. 20 సెకన్లకు రెండు ఘనపు మీటర్లే పోతాయి, ఒక ఛాంబరు గాలి కూడా మారదు. ఈ లెక్క కూడా బ్లోయర్ గాలిని పెంచే, తగ్గించే ఎయిర్ ఫ్లాప్ పూర్తిగా తెరిచి ఉంటేనే. సగం మూసి ఉంటే రెండు నిమిషాలు కూడా చాలవు.

ఇప్పుడు మీ నాలుగైదు రీసెట్ల సంగతి. లాకౌట్ అయిన ప్రతిసారీ కొంత కాలని గ్యాస్ లోపల మిగులుతుంది. లో ఫైర్‌లో (కనిష్ఠ మంటలో) అది తక్కువే, కానీ మూలల్లో ఎక్కడ పోగవుతుందో ఎవరికీ కనపడదు. రీసెట్ తర్వాత పర్జ్ మొదటి నుంచి పూర్తిగా నడవాలి. టైమర్‌ను ఈ రోజే రెండు నిమిషాలకు తిప్పెయ్. రెండోసారి కూడా లాకౌట్ అయితే మూడోసారి నొక్కొద్దు. గ్యాస్ కాక్ మూసేసి వెతకాల్సిందే.

ఇక జబ్బు. సెన్సర్ పోతే మధ్యాహ్నం కూడా పోయే ఉండాలి కదా? పొద్దున పోయి భోజనాల టైముకు బాగయ్యే సెన్సర్ నేను చూడలేదు. పొద్దునకూ మధ్యాహ్నానికీ తేడా ఒక్కటే, బర్నర్ బ్లాక్ (బర్నర్ నోటి చుట్టూ ఉండే, వేడిని తట్టుకునే ఇటుక) వేడి. ఎర్రగా కాలిన బ్లాక్ మంటను పట్టి ఉంచుతుంది, గాలి ఎక్కువైనా మంట తిరిగి అంటుకుంటూ ఉంటుంది. చల్లటి బ్లాక్‌కు ఆ శక్తి లేదు. నువ్వు చెప్పిన భుస్సు శబ్దం చూస్తే, మెయిన్ తెరుచుకునే సమయానికి గాలి ఎక్కువగా ఉండి మంటను ఊదేస్తోందని నా అనుమానం. లేదా గ్యాస్ తక్కువ పడుతోంది. రెండూ కొలిస్తే తెలిసేవే.

నీ సెన్సర్ ఫ్లేమ్ రాడ్డా (మంటలో ఉండే లోహపు కడ్డీ), యూవీ సెల్లా (మంట అతినీలలోహిత వెలుగును చూసేది)? రాడ్ అయితే దాని వైరుకు సిరీస్‌లో డీసీ మైక్రో ఆంపియర్లు చూపే మీటరు పెట్టు. పైలట్ మీద ఎంత, మెయిన్ పడ్డాక ఎంత, రెండూ రాసుకో. మీటరు తగిలించడం, తీయడం ప్యానెల్ మెయిన్ ఆపేశాకే. ఇగ్నిషన్ ట్రాన్స్‌ఫార్మర్ వైరు పక్కనే వేల వోల్టులతో ఉంటుంది. రెండోది, మెయిన్ తెరుచుకున్న క్షణంలో ఇన్‌లెట్ గ్యాస్ ప్రెషర్ ఎంత పడిపోతోందో చూడు. బాగా పడితే ఫిల్టర్ మూసుకుపోయినట్టు, లేదా రెగ్యులేటర్ చాలనట్టు.

రోలింగ్ మిల్లు:

ఇంత లెక్కలెందుకు సార్? మా మిల్లులో రీహీటింగ్ ఫర్నేస్‌ను ఇరవై ఏళ్లుగా కర్రకు గుడ్డ చుట్టి, డీజిల్‌లో ముంచి, వెలిగించి లోపల పెట్టి స్టార్ట్ చేస్తున్నాం. మంట ఉందో లేదో పీప్ హోల్‌లో కనపడుతూనే ఉంటుంది. రిలే లేదు, సెన్సర్ లేదు. అదీగాక 760 డిగ్రీలు దాటితే సెన్సర్ అక్కర్లేదని రూల్‌లోనే ఉందట కదా.

హిందూపురం బర్నర్:

రూల్‌లో ఉన్నది నిజమే సార్, కానీ ఎప్పుడు అనేది కూడా అదే రూల్‌లో ఉంది. ఛాంబర్ 760 డిగ్రీలు దాటాక లోపలికి వచ్చిన గ్యాస్ తనంతట తానే అంటుకుంటుంది కాబట్టి, ఆ ఉష్ణోగ్రతను వేరే ఇంటర్‌లాక్ (తేడా వస్తే గ్యాస్ ఆపే రక్షణ) కాపలా కాస్తున్నంత సేపు మినహాయింపు. పొద్దున చల్లటి ఫర్నేస్‌కు అది వర్తించదు. ఇతని ఇబ్బంది అంతా ఆ చల్లటి ఫర్నేస్ తోనే.

కాగడా విషయానికొస్తే, మీది ఫర్నేస్ ఆయిల్ అనుకుంటాను. ఆయిల్ కాలకపోతే నేల మీద కారుతుంది, తెల్లటి ఆవిరి లేస్తుంది, కంటికి కనపడుతుంది. పీఎన్‌జీ కనపడదు. కలిపిన వాసన ఒక్కటే ఆధారం, బ్లోయర్ తిరుగుతుంటే అదీ అందదు. కాగడా పట్టుకున్నవాడు బర్నర్ నోటి ముందే నిలబడతాడు. నేనైతే ఏ కుర్రాడినీ అక్కడ నిలబెట్టను.

అంబత్తూరు డీజిల్:

చెన్నై నుంచి ఒక మాట. మేం అంబత్తూరు ఎస్టేట్‌లో నడిపిన డీజిల్ బర్నర్‌నే మా పీణ్య యూనిట్‌కు పంపాం. ఇక్కడ శుభ్రంగా మండింది, అక్కడ పొగ. నాజిల్ మార్చాం, పంపు ప్రెషర్ చూశాం, తేడా లేదు. చివరికి కారణం ఊరి ఎత్తు. చెన్నై సముద్రమట్టం, బెంగళూరు 900 మీటర్ల పైన. అక్కడ గాలి పది శాతం దాకా పలచన. నాజిల్ మాత్రం అంతే డీజిల్ చల్లుతుంది. అంటే ఇక్కడ సరిపోయిన ఫ్లాప్ సెట్టింగ్‌తో అక్కడ గాలి తక్కువ. ఫ్లాప్ తెరిచాక పొగ పోయింది.

ఫిట్టర్ అన్నా, మీది డీజిల్ నుంచి గ్యాస్‌కు మారిందన్నారు. డీజిల్ రోజుల్లో ఇలాగే ఎవరో ఫ్లాప్‌ను బాగా తెరిచి పెట్టి ఉండొచ్చు. గ్యాస్‌కు మార్చినప్పుడు లో ఫైర్ దగ్గర దాన్ని మళ్లీ సెట్ చేశారా?

ఎల్పీజీ వాడేవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఇంకొకటి. పీఎన్‌జీ గాలికన్నా తేలిక, పైకి పోతుంది. ఎల్పీజీ గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. ఫర్నేస్ కింద బోగీ (సరుకు మోసే బండి) గుంటలోకో, కేబుల్ ట్రెంచ్‌లోకో దిగి అక్కడే కూర్చుంటుంది. పర్జ్‌తో ఛాంబర్ శుభ్రమైనా గుంట శుభ్రం కాదు. ఎల్పీజీ షాపులో గ్యాస్ డిటెక్టర్ నేలకు దగ్గరగా ఉండాలి, పీఎన్‌జీ షాపులో కప్పు దగ్గర. మా పక్క యూనిట్‌లో ఎల్పీజీకి పైన బిగించారు. అందంగా ఉంది, అంతే.

మదనపల్లె ఫిట్టర్:

అన్నా, చాలా థ్యాంక్స్. లెక్క పని చేసింది. సెకనుకు ఎనిమిది లీటర్లు అనేసరికి మా ఓనరు పెన్ను తీసి తనే గుణించుకున్నాడు. జంపర్ మాట మళ్లీ ఎత్తలేదు. పర్జ్ రెండు నిమిషాలకు పెట్టేశాను. రీసెట్ తర్వాత కూడా మొదటి నుంచే నడుస్తోంది, చూశాను.

మాది ఫ్లేమ్ రాడ్. పైలట్ మీద 3 మైక్రో ఆంపియర్లు నిలకడగా ఉంది. మెయిన్ తెరుచుకోగానే ముల్లు ఊగుతూ 0.5కి పడి లాకౌట్. ఇన్‌లెట్ ప్రెషర్ నిలకడగా ఉన్నప్పుడు 100 మిల్లీబార్, మెయిన్ పడ్డాక 92. ఫ్లాప్ మోటారు పర్జ్ అయ్యాక లో ఫైర్‌కు వస్తోంది, ప్యానెల్ మీద లో ఫైర్ లైటు కూడా వెలుగుతోంది. గాలి సరిగ్గానే ఉన్నట్టుంది కదా?

హిందూపురం బర్నర్:

గ్యాస్ బాగుంది, ఆ 8 మిల్లీబార్ పడటం మామూలే. పైలట్ మీద 3 వచ్చిందంటే రాడ్, వైరు, ఎర్త్ అన్నీ బాగున్నట్టే. సెన్సర్ కొనకు.

గాలి సరిగ్గా ఉందని మాత్రం అప్పుడే అనకు. లో ఫైర్ లైటు చెప్పేది మోటారు ఎక్కడుందో మాత్రమే. ఫ్లాప్ ఎక్కడుందో ప్యానెల్‌కు తెలియదు. మోటారు షాఫ్ట్‌కూ ఫ్లాప్ షాఫ్ట్‌కూ మధ్య ఒక లివరు, ఒక లింకు రాడ్డు, రెండు గ్రబ్ స్క్రూలు (తల లేని బిగింపు స్క్రూలు) ఉంటాయి. మెయిన్ స్విచ్ ఆపి, గ్యాస్ కాక్ మూసి తాళం వేసి, అక్కడికి వెళ్లి కంటితో చూడు. ఫ్లాప్ షాఫ్ట్ చివర స్క్రూడ్రైవర్ గాడి ఉంటుంది. సాధారణంగా ఆ గాడి ఎటు ఉంటే లోపల ఫ్లాప్ అటే. లివరును చేత్తో పట్టుకుని కదిలించు. లివరు కదిలి గాడి కదలకపోతే దొంగ దొరికినట్టే.

మదనపల్లె ఫిట్టర్:

దొరికింది అన్నా. ఫ్లాప్ వైపు గ్రబ్ స్క్రూ వదులు. లివరు లో ఫైర్‌కు వచ్చినా గాడి సగానికి పైన తెరిచే ఉంది. షాఫ్ట్ మీద స్క్రూ జారిన గీత మెరుస్తూ కనపడుతోంది, లివరు కింద సన్నటి ఇనప పొడి కూడా ఉంది. బ్లోయర్ వైబ్రేషన్‌కు మెల్లగా జారుతూ వచ్చినట్టుంది. పాత గుర్తు దగ్గరికి తెచ్చి బిగించాను. మర్నాడు పొద్దున మొదటి దెబ్బకే అంటుకుంది, మెయిన్ మీద 4 మైక్రో ఆంపియర్లు, ముల్లు కదలట్లేదు.

ఇప్పుడు ఓనరుకు ఆశ పుట్టింది. పక్క షాపు వాళ్ల గ్యాస్ ఎనలైజర్ తెప్పించి చూస్తే, హై ఫైర్‌లో (పూర్తి మంటలో) ఫ్లూలో, అంటే పొగగొట్టం వాయువులో, ఆక్సిజన్ 8 శాతం చూపిస్తోంది. ఇది ఎక్కువే కదా? ఎంతకు తేవాలి? నేనే చెయ్యొచ్చా?

హిందూపురం బర్నర్:

బిగించిన స్క్రూ అలాగే వదిలెయ్యకు. షాఫ్ట్ మీద స్క్రూ కూర్చునే చోట చిన్న గుంట వేసి బిగిస్తే మళ్లీ జారదు. పైన షాఫ్ట్‌కూ లివరుకూ కలిపి ఒకే పెయింట్ గీత గియ్. రేపు ఎప్పుడైనా జారితే గీత రెండు ముక్కలై కనపడుతుంది, నువ్వు లేకపోయినా ఆపరేటర్ చెప్పగలడు.

8 శాతం చాలా ఎక్కువ. కావాల్సిన దానికన్నా సగం పైనే అదనపు గాలి పోతున్నట్టు. ఆ గాలినంతా 900 డిగ్రీలకు వేడి చేసి పొగగొట్టంలోంచి బయటికి పంపిస్తున్నారు. 3 శాతం ఆక్సిజన్‌కు తెస్తే, అంటే 15 శాతం అదనపు గాలి, ఆ ఫ్లూ వేడి దగ్గర లెక్క ప్రకారం గ్యాస్ నాలుగో వంతు దాకా తగ్గుతుంది. రికూపరేటర్ (పొగ వేడితో బర్నర్ గాలిని వేడిచేసేది) ఉంటే అంత రాదు. జాబుల (వేడిచేసే ముక్కల) మీద స్కేలు (ఆక్సైడ్ పొర) కూడా తగ్గుతుంది, ఓనరుకు అది కూడా చెప్పు.

కానీ ఎనలైజర్ చూపిన 8 అంతా బర్నర్ గాలే అనుకోవద్దు. డోరు సందులోంచి, థర్మోకపుల్ రంధ్రంలోంచి లోపలికి పీల్చుకున్న గాలి కూడా అందులో ఉంటుంది. ముందు పొగగొట్టంలోని డ్యాంపర్ (మూత పలక) చూడు. హై ఫైర్‌లో డోరు కింది సందు దగ్గర వేడి కొద్దిగా బయటికి తగలాలి, అగరొత్తి పొగ పెడితే లోపలికి పోకూడదు. లోపలికి పోతుంటే డ్యాంపర్ కొంచెం మూసి, డోరు సందు మూసే సీలు రోపు మార్చి, అప్పుడు మళ్లీ కొలువు. చాలాచోట్ల ఇక్కడే రెండు శాతం తగ్గుతుంది, బర్నర్ ముట్టుకోకుండానే. ఇది తేలకుండా బర్నర్ గాలి తగ్గించావంటే ఎనలైజర్ 3 చూపిస్తుంది, మంటకు మాత్రం గాలి చాలదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది.

నువ్వే చెయ్యొచ్చా అంటే, మొదటిసారి బర్నర్ సర్వీసు మనిషిని పక్కన పెట్టుకో. చేతిలో ఎనలైజర్ లేకుండా, మంట రంగు చూసి మాత్రం చెయ్యొద్దు. పసుపు మంట సోమరిగా ఊగితే గాలి తక్కువని, బర్నర్ నోరు వదిలి ముందుకు లేచి అరిస్తే ఎక్కువని కంటికి తెలుస్తుంది గానీ, 3 శాతానికీ 6 శాతానికీ తేడా ఏ కన్నూ పట్టలేదు. హై ఫైర్ ముందు, మెల్లగా, ఒక్కో మార్పుకూ కొన్ని నిమిషాలు ఆగి. కార్బన్ మోనాక్సైడ్ 100 పీపీఎం దాటుతుంటే వెనక్కి రా. తర్వాత లో ఫైర్ విడిగా. అక్కడ 5, 6 శాతం ఉన్నా పర్లేదు, మంట నిలకడ ముఖ్యం. ఫైర్ పెంచేటప్పుడు గాలి ముందు, గ్యాస్ వెనక. తగ్గించేటప్పుడు గ్యాస్ ముందు, గాలి వెనక. లింకేజీ కూడా ఇదే వరసలో కదలాలి.

ఒకటిన్నర శాతానికి లాగుదాం అని ఓనరు అంటే ఒప్పుకోకు. మన ఊళ్లో జనవరి పొద్దున 16 డిగ్రీలు, ఏప్రిల్ మధ్యాహ్నం 35. ఆ తేడాకే గాలి ఆరు శాతం పలచబడుతుంది. బ్లోయర్ ఫిల్టర్‌కు పట్టే దుమ్ము ఇంకా కొంత తగ్గిస్తుంది. ఆక్సిజన్ చూసి గాలిని తానే సర్దుకునే ఆటోమేటిక్ ట్రిమ్ లేని బర్నర్‌కు ఆ మాత్రం జాగా ఉండాలి.

అంబత్తూరు గారు చెప్పిన ఎత్తు సంగతి డీజిల్‌కు సరిగ్గా వర్తిస్తుంది. గ్యాస్ అయితే గాలితో పాటు అదీ పలచబడుతుంది కాబట్టి నిష్పత్తి పెద్దగా మారదు, బర్నర్ కెపాసిటీ కొంచెం తగ్గుతుంది.

మెయింటెనెన్స్‌లో పుస్తకంలో రాసినవి ఎలాగూ చేస్తావు. స్పార్క్ గ్యాప్, ఫ్లేమ్ రాడ్ తుడవడం, పింగాణీకి పగులుందేమో చూడటం, బ్లోయర్ ఫిల్టర్. ఎవరూ చెయ్యనివి రెండున్నాయి. ఒకటి మంట ఆర్పి చూడటం. లో ఫైర్‌లో నడుస్తుండగా బర్నర్ చేతి కాక్ మూసి, మంట ఆరిన దగ్గర్నుంచి సేఫ్టీ వాల్వులు టక్కుమని మూసుకునే దాకా వాచీలో చూడాలి. నాలుగు సెకన్లు దాటకూడదు. దాటితే ఆ ఫర్నేస్ ఆ రోజు నడవకూడదు. రెండోది సేఫ్టీ వాల్వ్ లీకు చూడటం. మూసుకుందని లైటు చెప్పినా, సీటు మీద తుప్పు పలుకు పడితే గ్యాస్ రాత్రంతా సన్నగా కారుతూనే ఉంటుంది. ఏడాదికి ఒకసారైనా చూడాలి. మీది డీజిల్ నుంచి మార్చిన కొత్త పైపింగ్ కాబట్టి ఇప్పుడే ఒకసారి చూడు, వెల్డింగ్ చెత్త లోపల ఉండే అవకాశం ఎక్కువ.

మదనపల్లె ఫిట్టర్:

ఆదివారం షాపు సెలవు, వాల్వ్ టెస్ట్ అప్పుడు పెట్టుకుంటాను. రెండు సేఫ్టీ వాల్వుల కింద టెస్ట్ కాక్‌లు ఉన్నాయి. ట్యూబు తగిలించి గ్లాసు నీళ్లలో పెట్టి బుడగలు లెక్కపెట్టాలని విన్నాను. ట్యూబు ఎంత లోతు ముంచాలి అన్నా?

హిందూపురం బర్నర్:

మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లు, అంతే. లోతుగా ముంచితే నీటి బరువే చిన్న లీకును ఆపేస్తుంది, వాల్వ్ బాగుందనుకుంటావు. ట్యూబు కొనను ఏటవాలుగా కోసుకో. ముందు వాల్వుకు పైవైపు గ్యాస్ ప్రెషర్ ఉందని గేజ్‌లో చూసుకో, అది లేకపోతే బుడగలు ఎలాగూ రావు. కాక్ తెరవగానే పైపులో నిలవున్న గ్యాస్ కొంచెం వస్తుంది, అది ఆగాక లెక్క మొదలుపెట్టు. నిమిషానికి ఎన్ని బుడగలు దాకా ఒప్పుకోవచ్చో వాల్వ్ కంపెనీ కాగితంలో సైజును బట్టి ఇచ్చి ఉంటారు, అది దగ్గర పెట్టుకో. షట్టరు పూర్తిగా ఎత్తి పెట్టు, చుట్టుపక్కల గ్రైండింగ్ లేకుండా చూసుకో. అయిపోయాక టెస్ట్ కాక్‌కు ప్లగ్ బిగించి సబ్బు నురగ రాయడం మర్చిపోకు.